ఎండ ఉండగానే పడక

జూన్ నెల, సాయంత్రం ఐదున్నర. మిల్వాకీలో ఆ వేళకి ఎండ ఇంకా ఫెళ్ళుమంటూనే ఉంటుంది. వీధిలో పిల్లలు బంతాడుతున్నారు. సరిగ్గా అప్పుడే, నలభై ఏడేళ్ళ లొరెట్టా విస్నెవ్‌స్కీకి నైటీ తొడిగి, మంచం మీద పడుకోబెట్టి, చక్రాల కుర్చీని గోడ వారకి నెట్టేసి, కంపెనీ పంపిన మనిషి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా ఆరు ఇళ్ళకి వెళ్ళాలి. మళ్ళీ ఎవరైనా వచ్చేది రేప్పొద్దున తొమ్మిదింటికే.

జైల్లో ఖైదీక్కూడా ఇంత పెందరాళే పడక వెయ్యరు! లొరెట్టా చేసిన నేరమేమిటి? పుట్టుకతోనే కాళ్ళు కదలవు, చేతులు సగమే మాట వింటాయి. బుర్ర మాత్రం పాదరసం. అయినా ఆమె అక్కడ కళ్ళు తెరుచుకుని, కిటికీలోంచి వచ్చే పిల్లల కేకలు వింటూ, ఎండ గోడ మీదనుంచి ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ పడుకుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే కన్నీళ్ళు తుడిచేవాళ్ళు లేరని ఆపుకుంది.

ఎనిమిది నెలల క్రితం దాకా ఇలా లేదు. ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో, తనని ఎట్లా ఎత్తాలో లొరెట్టాయే చెప్పేది. సాయానికి ప్లాసిడాని ఏరికోరి తెచ్చుకున్నది తనే. శుక్రవారం చేపల వేపుడు తిని, కబుర్లు చెప్పి, నిద్రొచ్చినప్పుడు పడుకునేది. పదకొండేళ్ళు వికలాంగుల హోమ్‌లో మగ్గి బయటపడ్డ మనిషికి అంతకన్నా స్వర్గమేముంటుంది? సర్కారు ఇళ్ళకి సహాయకుల్ని పంపే పని ఒక కంపెనీకి కాంట్రాక్టిచ్చింది. కంపెనీ సాయం గంటలు కోసింది, ప్లాసిడాని మాన్పించింది. ఇచ్చిన వేళకి పడుకోనని రెండుసార్లు మొండికేస్తే మళ్ళీ హోమ్‌కే పంపుతామని ఉత్తరం రాసింది.

"లొరెట్టా ఇల్లేనా?" కిటికీ బయటినుంచి గొంతు. "నా పేరు ఒడెల్ గేన్స్. మీ ప్లాసిడా పంపింది. నాదీ చక్రాల బండే. మెట్లెక్కలేను, ఇక్కణ్ణుంచే మాట్లాడతా."

"రేపు రండి. నేను పడుకున్నాను."

"ఈ ఎండలోనా? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

బయట చక్రాలు కిర్రుమంటూ కిటికీ కిందికొచ్చాయి.

"నన్నూ ఆరింటికల్లా మంచమెక్కిస్తారు చెల్లెమ్మా. ఇవాళ పారిపోయొచ్చా."

లొరెట్టాకి నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

"ఒక మాటడుగుతా, సిగ్గుపడకు. సాయానికెన్ని గంటలివ్వాలో లెక్కగట్టే కంపెనీ అమ్మాయి వచ్చిన రోజు ఇల్లు తుడిపించావా?"

"ఊఁ."

"కేకు చేయించావా?"

"...చేయించాను."

"చచ్చాం! నేనైతే టై కట్టుకుని కూర్చున్నా."

అదే తప్పు. వచ్చింది కత్తెరైతే, చుట్టం వచ్చిందనుకున్నారు. లొరెట్టా తల్లి చిన్నప్పటినుంచీ ఒకటే నూరిపోసింది: పరాయివాళ్ళ ముందు కష్టం చెప్పుకోకు, లోకువైపోతావు. అందుకే ఆ అమ్మాయి "గుండీ పెట్టుకోగలరా?" అనడిగితే లొరెట్టా తలెత్తుకుని "గలను" అంది. ఒక్క గుండీకి నలభై నిమిషాలు పడుతుందని చెప్పలేదు. ఆ అమ్మాయి కేకు బావుందని మెచ్చుకుని, సాయంత్రం ఐదున్నర దాటాక మనిషి అక్కర్లేదని రాసుకుపోయింది.

"శుక్రవారం మధ్యాహ్నం చర్చి కింది గదిలో కలుస్తాం," అన్నాడు ఒడెల్. "మా గుంపులో డాక్టర్లుండరు, దొరలుండరు. అంతా మనలాంటివాళ్ళమే. వస్తావా?"

వెళ్ళింది. ఇరవైమంది దాకా ఉన్నారు. గస్ అనే ముసలాయన చేతికర్ర నేలకేసి కొడుతున్నాడు.

"అర్జీ పెడదాం. పెద్దమనుషుల్లా అడుగుదాం."

"పెద్దమనుషుల్లా అడిగే కదయ్యా ఈ గతి!" ఒడెల్ విరుచుకుపడ్డాడు. "ఆ అమ్మాయికి మన మంచి రోజుది చెప్పి మునిగాం. ఇప్పుడు చెడ్డ రోజుది చెబుదాం, అందరి ముందూ."

"నా బాత్రూం సంగతి పదిమందిలో చెప్పనా?" లొరెట్టా మొహం కందిపోయింది. "నేనలా పెరగలేదు."

గోడ పక్కన నిలబడ్డ ప్లాసిడా ముందుకొచ్చింది. "అక్కా, నువ్వు పడ్డ రోజున చూసిపోదామని వచ్చి ఎత్తింది నేనే. నీకు కష్టంగా ఉంటే నేను చెప్పనా?"

"నువ్వు నోర్మూసుకోవే! నాది నేనే చెబుతా."

చెప్పింది. జనవరిలో కుర్చీలోంచి జారిపోవడం, పొద్దున పదినుంచి మధ్యాహ్నం మూడు దాకా తడిసిన బట్టల్లో నేల మీద ఉండిపోవడం, ఫోను బల్ల మీద మోగుతూ ఉండటం. చెప్పి తల వంచుకుంది. ఎవరూ అయ్యో అనలేదు.

"నాది నవంబర్లో," అన్నాడు గస్, కర్ర ఒళ్ళో పెట్టుకుని. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరూ తనొక్కరికే అనుకుని దాచుకున్న సిగ్గు ఇరవైమందిదీ ఒకటేనని తేలిపోయింది. మరైతే ఆ సిగ్గు ఎవరిది? పడ్డవాళ్ళదా, పడేసినవాళ్ళదా?

"మనం ఎండ ఉండగానే పడుకోవాలి, అంతేగా?" లొరెట్టా తలెత్తింది. "సరే. వాళ్ళాఫీసులోనే పడుకుందాం."

మరుసటి శుక్రవారం సాయంత్రం ఐదింటికి కంపెనీ హాల్లోకి నైటీలు, పైజమాలు తొడుక్కుని ఇరవైముగ్గురు వచ్చారు. ప్లాసిడా, ఆమెలాంటి సహాయకులు బొంతలు పరిచారు. కుర్చీల్లోంచి ఒక్కొక్కరినీ దింపి పడుకోబెట్టారు. కుర్చీల్ని బయటికి తోసేశారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఇదేం చోద్యం? మేం చేసేదంతా మీ మంచికేనండీ!"

"మా మంచేదో మాకు తెలుసు," అంది లొరెట్టా నేల మీదనుంచే. "కోసిన గంటలివ్వు. మా మనుషుల్ని మేమే ఎంచుకుంటాం. ఎప్పుడు పడుకోవాలో మేమే చెబుతాం. అంతదాకా ఇదే మా పడక."

ఆరింటికి పోలీసులొచ్చారు. సార్జెంటు వంగాడు. మర్యాదస్తుడే పాపం.

"అమ్మా, మీ అంతట మీరు లేవగలరా?"

ఆ ప్రశ్న! నలభై ఏడేళ్ళుగా లొరెట్టా దానికి ఒక్కటే జవాబిచ్చింది. చనిపోయిన తల్లి గొంతు చెవిలో మోగింది. పక్కకి చూసింది. ఒడెల్ చూస్తున్నాడు, గస్ వింటున్నాడు.

"లేవలేను," అంది. హాలంతా వినబడేలా అంది.

"నేనూ లేవలేను!" ఒడెల్.

"నేనూ!"

"నేనూ!"

ఇరవైముగ్గురూ. సార్జెంటు టోపీ తీసి తల గోక్కున్నాడు. నలుగురు పోలీసులు లొరెట్టా చుట్టూ చేరి చంకల కింద చేతులు పెట్టబోయారు.

"ఆగండి! అలా ఎత్తితే భుజం ఊడొస్తుంది. ఎట్లా ఎత్తాలో నేను చెబుతా. నువ్వు మోకాళ్ళ కింద చెయ్యి పెట్టు. నువ్వు నడుం కింద. నేను చెప్పినప్పుడు లేపండి, ముందు కాదు."

నలుగురు పోలీసులూ ఆమె మాట కోసం ఆగారు.

అందర్నీ మోసుకుపోయేసరికి ఎనిమిదైంది. మెట్ల కింద పోలీసు బండికి చక్రాల కుర్చీ ఎక్కే వాలు లేదు, అందుకని అందర్నీ వీధిలోనే దించేశారు. బస్సుల్లోంచి దిగిన మరో నలభైమంది చక్రాల కుర్చీల్లో అక్కడ బారులు తీరి ఉన్నారు, వాళ్ళ ఒళ్ళలో దిండ్లు. ప్లాసిడా కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, అలిసిపోయుంటావు. పడుకుంటావా?"

లొరెట్టా పడమటికి చూసింది. ఎండ ఇంకా ఉంది.

"నాకు నిద్ర రావట్లేదే," అంది.