ఒక్క పెట్టె తూటాలు

ఆ చలికాలం మోంటానాలో తూటా దొరికితే దేవుడు దొరికినట్టే. ఓరిన్ త్వైట్ దుకాణంలో తుపాకులకేం కొదవ లేదు, వాటిలో వేసే సరుకే లేదు. గురువారం బండి వస్తుందంటే చాలు, తెల్లవారేసరికి జనం మంచులో బారులు తీరేవారు. మనిషికి ఒక్క పెట్టె. అదీ అదృష్టం ఉంటే!

అలాంటి రోజుల్లో వర్నా స్టూకెల్‌కి పిస్తోలు కొనాల్సిన పని పడింది. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన చక్కెర మిల్లు మూతపడింది. జిల్లా కోర్టు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం ఒక్కటి ఖాళీగా ఉంది. తుపాకీ, తూటాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మార్చిలో పరీక్ష: యాభై తూటాలు కాలిస్తే కనీసం నలభై గురిలో పడాలి. ఈ ఉద్యోగం రాకపోతే ఇల్లు అమ్ముకుని అరిజోనాలో చెల్లెలి పంచన చేరాలి. యాభై నాలుగేళ్ళు తన కాళ్ళ మీద నిలబడ్డ మనిషి! ఆ మాట తలుచుకుంటేనే వర్నాకి ఒళ్ళు మండిపోయేది.

ఓరిన్ ఒక పాత రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే ఒక్క పెట్టె తూటాలు.

"దీనికి సరిపడేవి ఇవే. మళ్ళీ మే నెల దాకా రావు. అమ్ముకునేవాణ్ణి నేనే చెప్తున్నా, కొనకు వర్నా. తూటాల్లేని తుపాకీ దేనికి, మేకులు కొట్టుకోడానికా?"

వెనక వరుసలోంచి డ్వైట్ పకపకా నవ్వాడు. వర్నా చనిపోయిన మొగుడికి పినతండ్రి కొడుకతను. అదే ఉద్యోగానికి పోటీదారు కూడా. జనమంతా ఎగబడి కొన్నప్పుడు తనూ ఒక ఖరీదైన నైన్ ఎమ్ఎమ్ పిస్తోలు కొనేసి, అప్పట్నుంచీ ప్రతి గురువారం తూటాల కోసం చలికి వణుకుతున్నాడు.

"నీకెందుకీ గోల వదినా? అరిజోనాలో ఎండ బాగుంటుందట, హాయిగా వెళ్ళి కాచుకోరాదూ!"

వర్నా బయటికెళ్ళి తన పికప్పు ట్రక్కులో కూర్చుంది. చిన్నప్పట్నుంచీ జింకల వేటకి రైఫిల్ పట్టింది గానీ, పిస్తోలు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఓరిన్ మాటలో తప్పేముంది? సాధన లేకుండా ఎవరు నెగ్గారు? రైఫిల్ నేర్పేటప్పుడు నాన్న ఏడాదంతా తూటా చేతికివ్వకుండా ఖాళీ రైఫిల్ ట్రిగ్గరే నొక్కించిన సంగతి గుర్తొచ్చింది. ఎంత ఏడ్చిందో అప్పుడు! ఆ తర్వాత గురి తప్పింది లేదు.

తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"పరీక్షకి ఎన్ని కావాలి ఓరిన్?"

"యాభై."

"ఆ పెట్టెలో ఎన్నున్నాయి?"

"యాభయ్యే."

"ఇంకేం! కొనుగోలు ఫారం ఇటివ్వు."

కొనేవాళ్ళ మీద కేసులేమైనా ఉన్నాయేమోనని ఫోన్లో చేసే తనిఖీ పూర్తయ్యేదాకా ఓరిన్ తల అడ్డంగా ఆడిస్తూనే ఉన్నాడు.

పెట్టెని వంటింటి అలమరలో పెట్టి తాళం వేసింది వర్నా. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, గదిలో గోడకెదురుగా నిలబడేది. ఖాళీ రివాల్వరే అని మూడుసార్లు చూసుకుని, గొట్టం కొసన ఒక సెంటు నాణెం నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కేది. నాణెం పడకూడదు. మొదటి వారమంతా పడింది. తిట్టుకుంటూ వంగి ఏరుకునేది. నడుం పట్టేసింది, చూపుడువేలు కాయ కాసింది. పదకొండు వారాలు! ఫిబ్రవరి వెళ్ళేసరికి వందసార్లు నొక్కినా నాణెం కదల్లేదు.

పరీక్ష రోజు ఆరుబయట మంచులో డ్వైట్ ముందు కాల్చాడు. పాపం, పేలుడికి ముందే అతని చెయ్యి ఉలిక్కిపడి గొట్టం కిందికి వంగుతోంది. పిస్తోలు ఖరీదైనదే, కానీ ఆ చేతికి సాధనేదీ? ముప్ఫై ఆరు!

వర్నా మొదటి తూటా పేలగానే రివాల్వర్ చేతిలో ఎగిరిపడింది. అమ్మో, ఖాళీది ఇలా తన్నలేదే! ఆ దెబ్బ ఎదురుగా కట్టిన గురి కాగితానికి తగలనే లేదు.

"అరిజోనా!" అన్నాడు డ్వైట్ వెనకనుంచి.

వర్నా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. ఎగిరితే ఎగరనీ, పేలాక గదా ఎగిరేది! పేలేదాకా తన చెయ్యి కదలకపోతే చాలు. నొక్కింది. తగిలింది. మళ్ళీ నొక్కింది. ఆరేసి తూటాలు నింపుకుంటూ, తొందరపడకుండా, రోజూ పొద్దున నొక్కినట్టే నొక్కుతూ పోయింది.

పరీక్ష పెట్టిన పోలీసు అధికారి, డిప్యూటీ మార్లా ఓక్స్ కాగితం దగ్గరికెళ్ళి లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.

"నలభై ఏడు. ఇదిగో, నిజం చెప్పు. సాధనకి ఎన్ని పెట్టెలు తగలేశావు? ఎక్కడ దొరికాయో నాకూ చెప్పు, మా ఆఫీసుకే దిక్కు లేదు!"

"ఒక్కటీ తగలెయ్యలేదు," అంది వర్నా. "ఈ రివాల్వర్ నా చేతిలో పేలడం ఇవాళే మొదలు."

మార్లా నోరు వెళ్ళబెట్టింది. డ్వైట్ తన ఖరీదైన పిస్తోలుని సంచిలో పెట్టుకునే వంకతో తల దించుకున్నాడు.

"సోమవారం ఎనిమిదింటికి కోర్టు దగ్గరుండు," అంది మార్లా తేరుకుని. "యూనిఫాం కుట్టించాలి, చొక్కా కొలత ఎంత?"

వర్నా కొలత చెప్పబోయింది. గొంతులోంచి మాటకి బదులు పెద్ద కేక వచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఆ మంచులోనే ఒక్క గంతు వేసింది.