బిళ్ళ లేని కుక్క

పన్నెండూ నలభైకి గిన్నె మీద గరిటెతో కొట్టాను. దొరసాని రాలేదు.

ఆ చప్పుడు వింటే నిద్రలోంచైనా లేచి పరిగెత్తుకొచ్చే కుక్క అది. మళ్ళీ కొట్టాను. మేడ మీద నుంచి మా ఆయన తొంగి చూసి, "ఏమిటే ఆ మోత?" అన్నాడు.

"దొరసాని మీ దగ్గరుందా?"

"నా దగ్గరెందుకుంటుంది? పొద్దున బండిలో నాతో వచ్చింది కదా, కొట్లో నీ దగ్గరే ఉందనుకున్నాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మాది కుక్కలకి స్నానం చేయించి, బొచ్చు కత్తిరించే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా ఆయన బండేసుకుని ఇంటింటికీ వెళ్ళి కుక్కల్ని తెస్తాడు, సాయంత్రం దింపుతాడు. మిగతా పనంతా, అరవడంతో సహా, నాది. ఏ కుక్క ఎక్కడుందో తెలియడానికి నేనో పద్ధతి పెట్టాను. ఒక్కో కుక్కకి ఒక్కో రంగు బిళ్ళ. కుక్క బండెక్కితే బిళ్ళ స్టీరింగ్ పక్కన కొక్కేనికి ఎక్కుతుంది, కుక్క దిగితే బిళ్ళ కొట్లో గోడకి మారుతుంది. కొక్కెం ఖాళీ అయితే బండి ఖాళీ. ఎనిమిదేళ్ళలో ఒక్క పొరపాటు జరగలేదని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

దొరసానికి బిళ్ళ లేదు. ఇంటి మనిషికి బిళ్ళేమిటి?

పదకొండున్నరకి బండి దగ్గరికి వెళ్ళి ఆఖరి బిళ్ళ తీసింది నేనే. కొక్కెం చూశాను, ఖాళీ. వెనక్కి తిరిగి చూడలేదు. అద్దాలు పూర్తిగా ఎత్తి తాళం వేసింది కూడా నేనే. అప్పుడు బండి గోడ నీడలో ఉంది. ఇప్పుడు ఆ నీడ ఎక్కడుంది?

పరిగెత్తాను. తాళం తీసి తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. తలుపు తీయగానే వేడి మొహం మీద కొట్టింది. వెనక సీటు కింద, నేల మీద బోర్లా పడి ఉంది నా దొరసాని. నాలుక పక్కకి వేలాడుతోంది, చిగుళ్ళు ఇటుక రంగు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు.

"చచ్చిపోయిందండీ!" అని అరిచాను. అప్పుడు డొక్క ఎగిరింది. ఎగిసి పడుతోంది, ఆగకుండా.

ఎత్తుకుని కొట్లోకి తెచ్చాను. మా ఆయన ఫ్రిజ్‌లోంచి ఐసు గడ్డలు తెచ్చాడు. "ఐసు కాదు, మామూలు నీళ్ళు!" అని కసిరాను. ఆయన కంగారులో తడి తువాలు తెచ్చి దాని మీద దుప్పటిలా కప్పబోతే లాగి అవతల పారేశాను. కప్పితే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, ఎన్నిసార్లు చెప్పలేదు ఈ మనిషికి! రబ్బరు గొట్టం ఎండలో పడుందేమో, మొదట సలసల కాగే నీళ్ళు వచ్చాయి. అవి పోయేదాకా ఆగక తప్పలేదు, ఏడుస్తూ కాలవలోకి వదిలాను. తర్వాత పొట్ట, కాళ్ళ సందులు, మెడ, పాదాలు తడిపాను. బొచ్చు ఆరబెట్టే మిషను చల్లగాలి మీద పెట్టి దాని మీదికి తిప్పాను. ఏడెనిమిది నిమిషాలకి తల ఎత్తింది. కాస్త కక్కింది. ఏసీ పూర్తిగా పెట్టి అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడ బెంచీల నిండా జనం. అందరూ నన్నెరిగినవాళ్ళే. వాళ్ళలో బుల్‌డాగ్ పెద్దమనిషి ఒకాయన. కిందటి వారం ఆయన తన కుక్కని కార్లో వదిలి మందుల షాపులోకి వెళ్తే, వీధి వీధంతా వినేలా దులిపేశాను. "పది నిమిషాలేనమ్మా" అని ఆయన నసుగుతుంటే, "మిమ్మల్ని పెట్టి తాళం వేస్తే తెలుస్తుంది పది నిమిషాలంటే ఏమిటో" అన్నాను. ఇప్పుడాయన చూపు నా చేతుల్లోని తడిసిన కుక్క మీదుంది.

డాక్టరుగారు దాని వేడి చూశారు. "తగ్గిపోయిందే! బాగా చల్లబరిచారు, మీకు చెప్పాలా మరి. ఎంతసేపుంది బండిలో?"

"పది నిమిషాలు" అన్నాను.

ఆ మాట నేను అనుకుని అనలేదు. నా నోటికి అంత దగ్గర్లో ఎప్పటి నుంచి కూర్చుందో.

దొరసాని నా వేలు నాకింది. డాక్టరుగారు నవ్వి, "అయితే భయం లేదు. ఇంటికి తీసుకెళ్ళి కాసిని కాసిని నీళ్ళు పట్టండి. నలతగా ఉంటే రేపు తీసుకురండి" అన్నారు. నేను తలూపాను. దేవుడి మీద ఒట్టు, తలూపి కుక్కని ఎత్తుకున్నాను కూడా.

మా ఆయన దారికడ్డంగా నిలబడ్డాడు. మెల్లిగా, నాకొక్కదానికే వినబడేలా, "పది నిమిషాలా?" అన్నాడు. నన్ను పెళ్ళి చేసుకున్న ఇన్నేళ్ళలో ఆ మనిషి నాకు ఎదురు మాట్లాడలేదు.

"గంటా పది నిమిషాలు" అన్నాను. మళ్ళీ అన్నాను, ఈసారి గదంతా విన్నది. "గంటా పది నిమిషాలు, డాక్టరుగారూ. తాళం వేసింది నేనే."

డాక్టరుగారి మొహం మారిపోయింది. "ముందే చెప్పొద్దూ!" అని నా చేతుల్లోంచి కుక్కని లాక్కున్నారు. నర్సుని కేకేశారు, సెలైను అన్నారు, రక్తం తీయమన్నారు. తలుపు మూసేశారు.

బయట బెంచీల దగ్గరికి వచ్చాను. బుల్‌డాగ్ పెద్దమనిషి జరిగి చోటిచ్చాడు. నాలుగు తిట్టుంటే బాగుండేది.

సాయంత్రం ఐదున్నరకి డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "రక్తం గడ్డకట్టడం తేడాగా ఉంది. కిడ్నీలు ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాయి. మూడు రోజులు ఇక్కడే ఉండాలి, బతుకుతుందనే అనుకుంటున్నాను" అని ఆగారు. "పైకి తేరుకున్నట్టే కనిపిస్తాయమ్మా. ఇంటికి తీసుకెళ్ళుంటే తెల్లారేసరికి పోయేది."

గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగీ దాచాను. మరిచిపోవడం పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. కానీ నలుగురిలో నా మాట పోకుండా ఉండటానికి దాని ప్రాణం ఇచ్చేయబోయాను, రెప్పపాటులో, ఆలోచించడానికైనా ఆగకుండా. అంతటిదాన్నా నేను?

"వెళ్ళి చూడండి, మీ కోసం వెతుకుతోంది" అన్నారు డాక్టరుగారు.

తలుపు తీశాను. సెలైను గొట్టంతో పడుకునుంది. నన్ను చూసి తోక రెండుసార్లు బల్లకేసి కొట్టింది. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేకపోయాను.