నడుము లావు కందిరీగ

భార్యను సంతోషపెట్టాలనుకున్న మగవాడు పూలో గడియారమో కొనుక్కొస్తాడు. మన పురుగుల మాస్టారికి అంత చిన్న బుద్ధి ఎందుకుంటుంది? ఆయన కందిరీగను ఇవ్వాలనుకున్నాడు. అదీ చచ్చి కోట్ల ఏళ్ళయినదాన్ని.

ఆయన మ్యూజియంలో పురుగుల విభాగం చూసుకుంటాడు. ఎప్పుడో చెట్టు నుంచి కారిన బంక, మట్టిలో పడి గట్టిపడి రాయిలా మారితే దాన్ని అంబర్ అంటారు. అలాంటి తేనెరంగు ముక్కలో, నువ్వుగింజంత కందిరీగ ఒకటి నిన్ననే చిక్కుకున్నట్టు రెక్కలతో సహా కనబడింది. లోకంలో ఎవరూ ఇంతవరకు వర్ణించని జాతి. కొత్త జాతికి సొంత పేరు పెట్టుకోవడం ఆ వృత్తిలో మర్యాద కాదు, భార్య పేరు పెడితే ఎవరూ ఏమీ అనరు. ఆవిడ పేరుకు లాటిన్ తోకొకటి తగిలించి వ్యాసం రాసి, అచ్చుకు పంపి, ఆ సంగతి ఏడాదిపాటు కడుపులో దాచుకున్నాడు. దాచడం అలవాటు లేని మనిషి కావడంతో ఆ ఏడాదంతా ఇంట్లో కారణం లేకుండా ఈలలు వేశాడు.

ఒక ఆదివారం ప్రూఫులు వచ్చాయి. సాయంత్రంలోగా దిద్ది పంపాలి. ఒకసారి అచ్చయ్యాక ఆ పేరును పెట్టినవాడు కూడా మార్చలేడు. మాస్టారు కాగితాలు తెచ్చి బల్ల మీద భార్య ముందు పెట్టాడు.

ఆవిడ డ్రైవింగు స్కూల్లో టీచరు. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉంటుంది, పక్క సీటు దగ్గరున్న రెండో బ్రేకు మీద ఆవిడ కుడికాలు ఉంటుంది. ఆ పొద్దున్నే ఒక పెద్దమనిషి కారును ఫుట్‌పాత్ ఎక్కించబోతే ఆపి, అప్పుడే ఇంటికొచ్చింది.

"చూడు, నీ పేరు ఇక చెరిగిపోదు" అన్నాడు మాస్టారు.

తన పేరు చూసి ఆవిడ ముఖం చేటంత అయింది. అక్కడితో ఆగితే బాగుండేది. కింద ఉన్నది కూడా చదవడం మొదలుపెట్టింది. పురుగుల వర్ణనల్లో క్రియాపదాలూ ఉండవు, దయాదాక్షిణ్యాలూ ఉండవు.

"తల వెడల్పు. ముఖం మీద అడ్డంగా ముడతలు. దవడలు బలిష్ఠం. నడుము లావు, దగ్గరి జాతులన్నిటి నుంచీ దీన్ని వేరుచేసే ఒకే ఒక్క లక్షణం ఇదే. కొండి ఒంటికన్నా పొడవు."

చేటంత ముఖం కాస్తా చిన్నబోయింది.

"సన్నటి నడుమైతే కందిరీగ నడుమంటారు కదండీ?"

"అంటారు! అందుకేగా ఇది అద్భుతం! నడుము సన్నగా లేని కందిరీగ!"

"అంటే వెతికి వెతికి దానికి నా పేరు పెట్టారన్నమాట."

"అది నీ గురించి కాదే, పురుగు గురించి."

"మరి పైన నా పేరెందుకు?"

"వేరేదానికి పెడదామంటే, మిగతావన్నీ ఇంతకన్నా..."

"ఊఁ, ఇంతకన్నా?"

"పేడలో బతికేవి." ఆవిడ చూపు చూసి గబగబా అన్నాడు. "పోనీ తీసేస్తాలే. మా డైరెక్టరు గారి పేరు పెడతా. ఆయన నడుముకైతే సరిగ్గా..."

"నా కందిరీగకి ఆయన పేరేంటి?" అంటూ ఆవిడ కాగితాలు లాక్కుంది.

గండం గడిచిందనుకుని మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ మాత్రం చివరి పేజీ దగ్గర ఆగింది. "పేరుకు కారణం: వ్యాసకర్త భార్య" అని ఉందక్కడ. రెండోసారి చదివింది. ఈసారి గొంతులో కోపం లేదు. మాస్టారికి భయం వేసింది అందుకే.

"దాని కాలిమీద ఎన్ని వెంట్రుకలున్నాయో రాశారు. రెక్కలో ఈనె ఎక్కడ వంగిందో రాశారు. నాకు మాత్రం రెండే మాటలు. అందులో ఒకటి మీరే."

ఆవిడ కాగితాలు బల్ల మీద బోర్లించింది.

"నా మెడ మీద మచ్చ ఏ వైపుంది?"

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఎడమవైపు."

"నాకు మచ్చే లేదు."

మాస్టారికి నిజంగా సిగ్గేసింది. చూడటమే తన ఉద్యోగం, ఇంట్లో మనిషిని చూడలేదు. అయినా ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతాడు? 'లేని మచ్చ గురించి అడిగితే నేనేం చేస్తాను' అనబోయి నోరు తెరిచాడు. అప్పుడు బల్ల కింద ఆవిడ కుడి పాదం నేలను గట్టిగా నొక్కడం కనబడింది. టక్కున నోరు మూసుకున్నాడు.

ఇన్నేళ్ళుగా అంతే. చుట్టాల ముందైనా, డైరెక్టరు ముందైనా ఆయన నోరు జారబోతుంటే ఆ పాదం నేలను నొక్కేది. ఆయన ఆగిపోయేవాడు. రోజూ చూస్తున్నాడు, చూస్తున్నానని మాత్రం తనకే తెలియలేదు.

కలం తీసి ఆ రెండు మాటలూ కొట్టేశాడు. పక్కన రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, రాస్తుండగానే చదివింది.

"స్టీరింగు నాకిచ్చి, బ్రేకు తన కాలి కింద పెట్టుకుని, దేనికీ గుద్దుకోకుండా నన్ను రోజూ ఇల్లు చేరుస్తున్న డ్రైవింగు టీచరు పేరు ఇది. నేను తప్పు మాట అనబోయే ముందు ఆమె కుడి పాదం నేలను నొక్కుతుంది. ఈ లక్షణం మరే జాతిలోనూ చూడలేదు."

ఆవిడ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నేను కాలు నొక్కుతానా?"

"ఇందాక కూడా నొక్కావు."

"నాకే తెలీదు."

మాస్టారు బెరుగ్గా అడిగాడు. "నడుము లావు తీసేయనా?"

"ఎందుకు? అది దాని నడుము. ఉండనివ్వండి."

దిద్దినవన్నీ కంప్యూటర్లో ఎక్కించి, పంపే బటన్ మీద వేలు పెట్టి, అలవాటు కొద్దీ మాస్టారు బల్ల కిందికి చూశాడు. అక్కడ పాదం లేదు. ఆవిడ కాళ్ళు రెండూ కుర్చీలోకి మడుచుకుని తీరిగ్గా కూర్చుంది.

"పోనివ్వండి" అంది.