పార పని

బావ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లంతా నా మొహంలోకి తొంగి చూసి, "దీనిది రాతి గుండె" అని చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. నాకు ఆకలి కూడా తెలియడం లేదని వాళ్లకేం తెలుసు?

అక్కది కింది వాటా, నాది పై గది. కింద ముందుగదిలో అక్క కుట్టుమిషను. వాన పడితే ముంగిట్లో నీళ్లన్నీ ఆ గడపకే చేరేవి. బావ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పారతో వాటిని గేటువైపు లాగేవాడు. "వానాకాలం నాకు డబుల్ డ్యూటీ" అని నవ్వేవాడు. ఆయన పోయాక పడిన మొదటి వానకి గదంతా నీళ్లు. ఎవరో కుట్టమని ఇచ్చిన కొత్త బట్టలు తడిసి రంగు దిగాయి.

"ఇంకొక్కసారి ఇలా అయితే మిషను అమ్మేస్తానే. ఇక నావల్ల కాదు" అంది అక్క.

నేను చదివేది ఆ చదువే. నేలకి వాలు కట్టడం, వాననీటికి దారి చూపడం. కాలేజీలో మా ముంగిలినే లెక్కగా తీసుకుని ప్లాను గీశాను. మేడమ్ ఒక్కసారి చూసి కళ్లజోడు తీసేసింది.

"ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు కదా ఇవి? కాలువ ఉన్నచోట ఎగువకి వంగాలి. నువ్వు దిగువకి వంచావు. ఇది కాలువ కాదమ్మా, గట్టు. సగం నీళ్లు మీ అక్క గదిలోకే పోతాయి. మొదటివారం పాఠం ఇది. మనసెక్కడ పెట్టావ్?"

"ఎక్కడా పెట్టలేదు మేడమ్."

నిజమే చెప్పాను. మళ్లీ గీశాను.

నేలమీద ఎత్తులు చూడడానికి నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం చాలు. రెండు చివర్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. కాకపోతే ఇద్దరు మనుషులు కావాలి. మెడలో టేపుతోనే అక్క వచ్చి రెండో చివర పట్టుకుంది.

"నీళ్లు నిలవడం లేదే. గొట్టం కదపకు" అంది అక్క.

"నేనేం కదపడం లేదు."

"కదులుతోంది, చూసుకో."

చూసుకున్నాను. నిజంగానే కదులుతోంది. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

గడప దగ్గర మట్టిపోసి ఎత్తు చేశాం. గోడకి దూరంగా, గేటుదాకా వెడల్పుగా, లోతు తక్కువగా కాలువ తవ్వాం. బావ పారతోనే.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అక్క, కుట్టాల్సిన బట్టలన్నీ మంచమెక్కించి, పాతగుడ్డలు పట్టుకుని గడపలో నిలబడింది. నేనూ నిలబడ్డాను. నీళ్లు వచ్చాయి, గోడకి ముందే మళ్లాయి, కాలువలో పడి గేటుకింద నుంచి బయటికి పోయాయి. సంతోషించాలి. నాకేమీ అనిపించలేదు.

"పోతున్నాయే! అచ్చం నువ్వు గీసినట్టే" అంది అక్క. మిషను దగ్గరికి వెళ్లబోతూ, తలుపుమూలనున్న పారని చూసి ఆగింది.

"ఇప్పుడు మీ బావ తిరిగొచ్చినా ఆయనకి పనేం లేదే" అంది, మామూలుగా.

అంతే. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఆ ఏడుపు, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గడపమీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. అక్క గుడ్డలు పక్కన పడేసి నా పక్కన కూర్చుంది. గడప పొడిగానే ఉంది.