ఆరోగ్యం దృష్ట్యా

గాజు సీసాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ మొత్తానికీ అతను మైకు. గొంతు అలాంటిది. కొలిమి రొదలో వేసిన జోకు కూడా గేటు దాకా వినిపించేది. దొరికిన మాటను మెలితిప్పకుండా వదిలిన రోజు లేదు. అందుకే యాజమాన్యం ఉద్యోగుల ఆరోగ్యం కోసం వెల్‌నెస్ పథకం పెట్టి, దానికో మేడంని వేసినప్పుడు ఆవిడ మొదట వెతుక్కున్నది మైకునే. తాము చెబితే ఎవరూ వినరనీ, అతను నవ్విస్తే వస్తారనీ చెప్పి, వీపు మీద ‘నన్నడగండి’ అని రాసి ఉన్న ఆకుపచ్చ చొక్కా చేతిలో పెట్టింది.

ఇక మైకుకు పట్టపగ్గాల్లేవు. షుగరున్నవాళ్ళను చక్కెర తగ్గేదాకా చక్కర్లు కొట్టమన్నాడు. నడుం నొప్పివాళ్ళను యోగాకి నడుం కట్టమన్నాడు. బరువు తగ్గితే పరువు పెరుగుతుందని ఊదరగొట్టి, లావుపాటి లారీ డ్రైవరు చేత కూడా ఫారం నింపించాడు. ఏ సెక్షన్లో ఎంతమంది చేరారో రాసే బోర్డొకటి క్యాంటీన్ గోడకు వేలాడేది. మూడు వారాలు తిరిగేసరికి ప్యాకింగ్‌లో నలభై ఆరుకి నలభై అయిదు మంది చేరిపోయారు. ఆ మిగిలిన ఒక్కరూ ఎవరో కాదు, మైకు సొంత వదిన.

వదిన పందొమ్మిదేళ్ళుగా లైటు తెర ముందు కూర్చుని, బెల్టు మీద వచ్చే సీసాల్లో పగిలినవాటిని ఏరేస్తోంది. అన్న పోయాక ఇల్లు నిలబెట్టింది ఆ కుర్చీయే. మైకుకి ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. ఏడాదిగా ఆవిడ ఎడమ కంటికి మసక. ఆ సంగతి మైకు ఒక్కడికే తెలుసు. కన్ను తప్పినా ఆవిడ బొటనవేలు తప్పదు. అనుమానం వచ్చిన సీసా మూతి చుట్టూ ఒక్కసారి తిప్పిందంటే వెంట్రుకంత పగులైనా దొరికిపోవాల్సిందే. ఏడాదిలో ఆవిడ చేతి మీదుగా వెళ్ళిన సీసా ఒక్కటీ తిరిగి రాలేదు.

ఫారం ఇస్తే ఆవిడ తాకను కూడా తాకలేదు.

“రాస్తే నా కుర్చీ పోతుంది మరిదీ.”

మైకు వెళ్ళి మేడంనే అడిగాడు. రాసింది డాక్టరు తప్ప నరమానవుడు చూడడని ఆవిడ మాటిచ్చింది. ఆ మాటను మోసుకొచ్చి వదిన ముందు దించాడు. నిజం రాస్తేనే వైద్యం అందుతుందనీ, ఆపరేషన్ చేయిస్తారేమో, కన్ను బాగుపడుతుందేమో అనీ రెండు రోజులు వెంటపడ్డాడు. చివరికి ఆవిడ మెత్తబడింది. ఎడమ కన్ను మసక అని రాసి, సంతకం దగ్గర ఆగింది.

“కింద చీమల బారులా ఏదో ఉంది. నాకు ఆనడం లేదు. చదివి పెట్టు.”

అప్పటికే భోజనాల గంట మోగింది. బోర్డు దగ్గర మేడం సుద్దముక్క పట్టుకుని ఎదురుచూస్తోంది. మైకు ఆ అయిదు వరుసల మీద కన్ను వేసి తీసేశాడు.

“చిన్నక్షరాలు వదినా. చిన్న విషయాలే ఉంటాయి. పెట్టేయ్.”

ఆవిడ నవ్వి, పెట్టేసింది.

నెల తిరక్కుండానే, ఒక సోమవారం పొద్దున లైటు తెర ముందు వేరే మనిషి కూర్చుని ఉంది. వదినకు ఎవరో కవరొకటి ఇచ్చారట. ఆవిడ కుర్చీలోని దిండూ, భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయిందట.

మైకు మేడం గదిలోకి దూసుకెళ్ళాడు. ఆవిడ కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది, ఫారం తీసి చీమల బారులో మూడో వరుస మీద వేలు పెట్టింది. ‘ఈ వివరాలను బట్టి నేను పనికి తగుదునో కాదో సంస్థ నిర్ణయించడానికి సమ్మతిస్తున్నాను’ అని ఉందక్కడ.

“డాక్టరు తప్ప ఎవరూ చూడరన్నారు,” అన్నాడు మైకు. ఆ గొంతు గది గుమ్మం కూడా దాటలేదు.

“డాక్టరుగారే చూశారు. తగదని రాసిచ్చారు, అంతే. మీరు చదివి వినిపించారనుకున్నాను,” అంది మేడం.

బయట లారీ డ్రైవరు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“వెల్‌నెస్ అంటే ‘వెళ్ళు’ అనా, అన్నా? నీకింత మంచి జోకు తడితే మాకు చెప్పలేదేం? నా బీపీ కూడా రాసి చచ్చాను.”

ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం మైకు వదిన ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాడు, వేస్తే బాగుండుననుకున్నాడు. ఆవిడ కవరు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఈసారి ఉన్నదున్నట్టు చదువు. చిన్నక్షరాలతో సహా.”

“మీ ఆరోగ్యం దృష్ట్యా…” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కన్ను మసకబారిందన్న మనిషికి ఏ గుమాస్తా రాశాడో ఆ ‘దృష్ట్యా’ అన్న మాట. ఇంకో రోజైతే మైకు దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీ అంతా ఊరేగించేవాడు.

“ఆగావేం? నీకు పనికొచ్చే మాటేగా,” అంది వదిన.

తేదీతో సహా చదివి ముగించాడు. మేడం తననూ నమ్మించి మోసం చేసిందని గొణిగాడు.

“ఆవిణ్ణి నేనెప్పుడు నమ్మాను? నేను సంతకం పెట్టింది నువ్వు చెప్పావని.”

ఆవిడ లేచి అతనికి మంచినీళ్ళివ్వడానికి గాజు గ్లాసు అందుకుంది. అలవాటుగా బొటనవేలు అంచు చుట్టూ తిరిగి, ఒకచోట ఆగింది. గ్లాసును అతని చేతిలో పెట్టింది.

“పగిలింది. చూడు.”

మైకు దాన్ని లైటుకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండు కళ్ళతో ఎంత చూసినా ఏమీ కనబడలేదు.