చాలన్నచోట ఆగని చదువు

నేను ఒక కళ్లజోడుని. భీమవరంలో ఓ ఇరుకు కొట్లో నన్ను బిగించారు. పదకొండేళ్లు మా ఊరి చర్చి పాత పాస్టరు అయ్యగారి ముక్కు మీద కూర్చున్నాను. ఆయన పోయాక ఆయన భార్య అమ్మగారు నన్ను సంఘంలోని సుగుణమ్మకిచ్చారు. నా ఎడమ కాడ విరిగితే ఆవిడ నల్లదారం చుట్టింది. నలభై దాటిన మనుషులకు దగ్గరివి కనపడవట, అందుకని నేను. నన్ను పెట్టుకున్నా కనపడనివాళ్లు కొందరుంటారు.

మా చర్చిలో ఒక అలవాటుంది. ప్రసంగంలో అయ్యగారు వచనం చెబితే, ఆడవాళ్ల వైపు నుంచి సుగుణమ్మ లేచి చదువుతుంది. ఆయన "చాలమ్మా" అనగానే ఆపుతుంది. అక్కడి నుంచి ఆయన అర్థం చెబుతారు. ఆవిడ ఆపినా కింది వాక్యం నాకు కనపడుతూనే ఉంటుంది. నా బాధంతా అదే.

సంఘ పెద్ద జ్ఞానప్రకాశంగారు ఊరి చేలు ఒక్కొక్కటే కొని రొయ్యల చెరువులు తవ్వించారు. ఆ ఉప్పునీరు ఊరి పక్క చేలను చంపేసింది. చెరువుల నడుమ మిగిలింది సుగుణమ్మ నలభై సెంట్లే. అదీ అమ్మమని ఏడాదిగా వెంటపడ్డారు. దేవుడి చిత్తమేదో ఆదివారం వాక్యంలో తేలితే సోమవారం సంతకం పెడతానంది ఆవిడ.

ఆ ఆదివారం కొత్త అయ్యగారు యెషయా ప్రవక్త గ్రంథం తీశారు. ద్రాక్షతోట పాడుబడి, ముళ్లు మొలిచి, వాన కురవకుండా పోయేదాకా సుగుణమ్మ చదివాక "చాలమ్మా" అన్నారు. ఇక అర్థం మొదలైంది. మన చేలు చావడం దేవుడి తీర్పట. ఆడవాళ్లు ఉపవాస ప్రార్థనలు మానేశారట. శాపం తగిలిన నేలను పట్టుకుని వేలాడేవాళ్లకు ఆ శాపమే చుట్టుకుంటుందట. ముందు వరుసలోంచి పెద్దగారు "ఆమెన్" అన్నారు.

నాకు అరికాలు లేదు గానీ, ఉంటే మంట నెత్తికెక్కేది. ఉప్పునీళ్ల మోటార్లు దేవుడు పెట్టాడా? గొట్టాలు పరలోకం నుంచి దిగాయా? ప్రవక్త ఎవరి మీద మండిపడ్డాడో ఆ కిందనే రాసి ఉంది.

సుగుణమ్మ కూర్చోలేదు. వేలు పెట్టిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. దేవుడు న్యాయం కోసం చూస్తే ఏడుపులు వినిపించాయని, ఇంకొకరికి చోటు లేకుండా ఇంటికి ఇల్లు, చేనుకు చేను కలుపుకునేవాళ్లకు కీడు తప్పదని చదివింది.

"చాలన్నాను కదమ్మా. అర్థం చెప్పేది నేను," అన్నారు అయ్యగారు.

"దీనికి అర్థం చెప్పక్కర్లేదండి. మా చేలోకొచ్చి చూడండి, తెలుత్తాది," అంది.

సోమవారం పెద్దగారి మనిషి కాగితం తెచ్చాడు. ఆవిడ నన్ను పెట్టుకుని ఆసాంతం చదివి, సంతకం పెట్టకుండా తిరిగిచ్చేసింది.

చర్చిలో చదివే పని ఇప్పుడు పెద్దగారి కోడలిది. ఆపమన్నచోట బుద్ధిగా ఆపుతుంది. ఆదివారాలు నేను డబ్బాలో పడుకుని పళ్లు నూరుకుంటాను. సుగుణమ్మ చేలో ఈనాటికీ గడ్డి మొలవదు, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అయినా ఆ గట్టు దాకా వచ్చిన పెద్దగారి చెరువులు తవ్వే పొక్లెయిన్ అక్కడ ఆగాల్సిందే.