ఫొటోలో చీర అంచు

కారుకి పొగ పరీక్ష పాసైందన్న కాగితం చూసినప్పుడే నా అనుమానం ఇంకా పెరిగింది.

మా అమ్మాయి శ్రీసత్యకి నెల రోజులుగా తలనొప్పి. రోజూ నాన్నతో కారులో భీమవరం కాలేజీకి వెళ్తుంది, వెనక సీట్లో కూర్చుని. దిగేసరికి వికారం. కళ్లజోడు మార్పించాం, రక్త పరీక్షలు చేయించాం. మెదడులో గడ్డేమోనని నేను తిండి మానేశాను. ఆదివారం మాత్రం నొప్పి ఉండదని ఆలస్యంగా గమనించాను. ఆదివారం అది కారెక్కదు.

"కారు పొగేమోనండీ" అంటే మావారు శ్రీనివాసరాజు గారు నవ్వేశారు.

"గురువారమే తణుకు తీసుకెళ్లి పరీక్ష చేయించానే. బండ్ల నుంచి వచ్చే కార్బన్ తగ్గించాలని గవర్నమెంటు పెట్టిన రూలు. ఇదిగో, పాస్!"

నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా కాగితం మీద తేదీ, టైము చదవగలను. గురువారం, పదకొండు గంటల పది నిమిషాలు. పక్కన మా కారు వెనక వైపు ఫొటో. నంబరు ప్లేటు పైన, అద్దం మీదకి ఆకుపచ్చ అంచు ఒకటి వేలాడుతోంది.

ఆ అంచు నా పాత చీరది. మేడ మీద కోతుల బాధ పడలేక ఆ రోజు ఆయన పిల్లని దింపి రాగానే ఆ చీర పరిచి, సాయంత్రం దాకా మినప వడియాలు కారు మీదే ఎండబెట్టాను.

"ఏమండీ, వడియాలతో సహా తణుకు వెళ్లొచ్చారా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఫోన్లో ఫొటో పంపితే వాళ్లే కాగితం పంపిస్తారే. అందరూ చేసేది అదే."

"అందరి పిల్లలకీ తలనొప్పి రావట్లేదు కదండీ."

మర్నాడు పిల్లని బస్సెక్కించి, ఆయన్ని వెంటబెట్టుకుని తణుకు వెళ్లాను. పెట్రోలు బంకు పక్కన వ్యానులో పరీక్షలు చేసే సురేష్‌బాబు మమ్మల్ని చూసి, "మీది అయిపోయింది కదండి రాజుగారూ!" అన్నాడు.

"అప్పుడు ఫొటో వచ్చింది బాబూ. ఇవాళ కారు వచ్చింది" అన్నాను.

మావారు అటు తిరిగి బంకు బోర్డు చదవడం మొదలుపెట్టారు.

సురేష్‌బాబు ఇంజను ఆన్ చేయించి, పొగ గొట్టంలో మిషను పైపు పెట్టాడు. "మిషన్లో నంబరు చూసుకోండి అమ్మగారూ, కొత్త కారుకైనా ఇంత తక్కువ రాదు!"

పన్నెండేళ్ల కారు కొత్తదాని కంటే శుభ్రంగా ఎలా ఉంటుంది? చేతిరుమాలు గొట్టం ముందు పట్టాను. అది కదలనైనా కదల్లేదు.

"మరి పొగంతా ఎటు పోతోంది బాబూ?"

అతను నవ్వబోయి ఆగాడు. ఫోను లైటు వేసి కారు కిందకి వంగాడు. ఎంతకీ లేవడే!

"గొట్టం మధ్యలోనే తుప్పు తినేసిందండి. మీ రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు నీళ్లలో తిరిగే బండి కదా. పొగంతా వెనక సీటు కిందే వదిలేస్తోంది."

కారు లోపల మ్యాటు ఎత్తి చూస్తే అడుగు రేకులో రూపాయి బిళ్లంత చిల్లు.

మావారు అక్కడే వ్యాను మెట్టు మీద కూలబడ్డారు. "పిల్లకి దుమ్ము తగలకూడదని రోజూ అద్దాలు మూసి ఏసీ వేసేవాణ్ణే..." అన్నారు.

షెడ్డులో గొట్టం మార్పించి, చిల్లు పూడ్పించి, మళ్లీ వ్యాను దగ్గరికే వచ్చాం. ఈసారి నంబరు ఎక్కువే వచ్చింది, పాసయ్యేంతలోనే ఉంది.

"ఇప్పుడు పొగంతా గొట్టంలోంచే వస్తోందండి, అందుకే" అన్నాడు సురేష్‌బాబు. ఆ నంబరుని మాత్రం నమ్మాను.

అయినా వారం రోజులుగా నేనూ వెనక సీట్లో దాని పక్కన కూర్చుని కాలేజీ దాకా వెళ్తున్నాను, అద్దాలన్నీ దించి.

"తలనొప్పి లేదమ్మా, నిజంగా. ఇంక నువ్వు రానక్కర్లేదు" అంటోంది శ్రీసత్య.

నన్ను కారులోంచి దింపేయడానికి అలా అంటోందేమో. రేపు కూడా వెళ్తాను.